కనిగిరి ఒకసారి దొనకొండ చూసి రావాలి

పొదిలి దాటి కనిగిరి వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల బోర్డులు మొలిచాయి. చేలల్లో సున్నం కొట్టిన హద్దురాళ్లు, ముందొక ఆర్చి, ఆర్చి మీద రైలింజన్ బొమ్మ. ‘స్టేషన్‌కు కూతవేటు దూరం’ అని రాసి ఉంటుంది. కూత మాత్రం ఇంకా రాలేదు. నడికుడి–శ్రీకాళహస్తి లైను 2011-12 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. పొడవు 309 కిలోమీటర్లు. పిడుగురాళ్ల వైపు కొంత, గుండ్లకమ్మ నుంచి దర్శి దాకా కొంత పట్టాలు పడ్డాయి. పొదిలి, కనిగిరి, పామూరు తమ వంతు కోసం కాచుకుని ఉన్నాయి. రైలొస్తే ఊరి రాత మారిపోతుందని అందరి నమ్మకం. ఊరి రాత సంగతేమో గానీ గజం రేటు మాత్రం అప్పుడే మారింది.

రైలు వద్దనే మనిషిని కాను నేను. పుట్టిందే రైల్వే క్వార్టర్స్‌లో. మా నాన్న దొనకొండ లోకోషెడ్డులో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్ అయి, షంటర్ అయి, రిటైరయ్యేనాటికి గూడ్సు డ్రైవర్ అయ్యాడు. ఆయన ముగ్గురు కూతుళ్లలో నేను పెద్దదాన్ని. జిల్లా పరిషత్ బడుల్లో సోషల్ పాఠాలు చెప్పుకుంటూ వచ్చి మార్కాపురంలో స్థిరపడ్డాను. ఆ చనువుతోనే చెప్తున్నా, కనిగిరి, పొదిలి, దర్శి పెద్దమనుషులు ఆ బ్రోచర్లు పక్కన పెట్టి ఒక పూట దొనకొండ వెళ్లి రావాలి. ఎంతో దూరం లేదు. రైలు ఒక ఊరిని ఎట్లా కడుతుందో, కట్టినాక ఎట్లా వదిలేస్తుందో అక్కడ కళ్లారా చూడొచ్చు.

మా లైను కథ కరువుతో మొదలవుతుంది. 1876లో వచ్చిన ధాత కరువు రెండేళ్లపాటు కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలను ఊడ్చిపెట్టేసింది. అప్పట్లో మార్కాపురం, కంభం కర్నూలు జిల్లాలోవి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరువి. అందరినీ కలిపి ఒంగోలు జిల్లా అన్నది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. ఆ కరువులో రేవుల్లో గింజలున్నా లోపలి ఊళ్లకు చేరే దారి లేదు. బండి కట్టడానికి ఎడ్లుండాలి కదా, మేత లేక అవే ముందు పడిపోయాయి. 1880లో కరువు కమిషన్ ఇలాంటి ప్రాంతాలకు రైలు దారులు వెయ్యాలని చెప్పింది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టింది. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా బెజవాడకు ఎదురొడ్డున కృష్ణ దాకా మీటర్ గేజ్ లైను 1890 ప్రాంతానికి తయారైంది. మేం దాన్ని చిన్న లైను అనేవాళ్లం. అటు పడమటికి పోతే ఆ చిన్న లైనే బళ్లారి, గదగ్, హుబ్లీ దాటి గోవా రేవు దాకా పోయేది. ఇప్పుడు వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని పోయేది దాదాపు ఆ దారినే.

కరువు పేరు చెప్పి వేశారు కాబట్టి కంపెనీవాళ్లు దయామయులనుకోనక్కర్లేదు. గింజలు లోపలికి తెచ్చే బండే దూదిని, తోళ్లను బయటికి పట్టుకుపోతుంది. నంద్యాల చుట్టూ నల్లరేగడి, ఆ నేలంతా పత్తి. లెక్క కంపెనీకి బాగా తెలుసు.

అన్నిటికంటే కష్టమైన పని గిద్దలూరు–నంద్యాల మధ్య జరిగింది. దిగువమెట్ట దాటాక నల్లమల అడ్డం వస్తుంది. లోయ మీదుగా దొరబావి వంతెన లేపారు, కొండను తొలిచి బొగద తవ్వారు. అదీ 1880 దశకంలో, అడవి జ్వరాల మధ్య, చేతిపనిముట్లతో. పెద్ద లైను వేసేటప్పుడు దారి మార్చి కొత్త సొరంగం తవ్వారు గనక ఆ పాత దారి ఇప్పుడు అడవిలో కలిసిపోయింది. దొరబావి రాతి స్తంభాలు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాయి. మద్రాసు అటవీ చట్టం వచ్చింది కూడా ఆ కంపెనీ పుట్టిన 1882లోనే. స్లీపర్లకు కర్ర కావాలి, ఆ కర్ర అడవిలో ఉంది, ఆ అడవికి సర్కారు హద్దులు గీసింది. అప్పటిదాకా అడిగే దిక్కు లేకుండా అడవిలో తిరిగిన చెంచులకు హద్దురాళ్లు, ఫారెస్టు గార్డులు తెలిసొచ్చింది ఆ కాలంలోనే. మా లైను చరిత్రను కట్టిన దొరల పేర్లతో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చెంచుగూడెం నుంచి చూసి చెప్పినవాళ్లు నాకింకా తగల్లేదు.

దొనకొండ దగ్గరికి వద్దాం. గుంటూరుకూ నంద్యాలకూ దాదాపు నడిమధ్యన ఉంటుంది ఈ ఊరు. దాని అదృష్టమైనా దురదృష్టమైనా ఆ ఒక్క సంగతిలోనే ఉంది. బొగ్గింజన్ ఎంత దూరమంటే అంత దూరం పోలేదు. కొంత దూరం పోయేసరికి నిప్పుగూడు బూడిదతో నిండిపోతుంది, తొట్టిలో నీళ్లు అడుగంటుతాయి, బొగ్గు పారలేసే మనిషి నడుం విరుగుతుంది. అక్కడ ఇంజన్ను ఆపి, నిప్పు దించి, బూడిద తోసి, బాయిలర్ కడిగి, మళ్లీ బొగ్గూ నీళ్లూ ఎక్కించి, వేరే ఇంజన్ను, వేరే సిబ్బందిని కట్టి బండిని పంపాలి. దానికి షెడ్డు కావాలి. షెడ్డుకు మనుషులు కావాలి, మనుషులకు ఇళ్లు కావాలి. కంభం తన చెరువు పక్కన పెరిగింది. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి చుట్టూ పెరిగింది. రైల్వే దొనకొండ పెరిగింది ఒక బూడిద గుంట చుట్టూ.

నాకు బుద్ధి తెలిసేనాటికి అది సీమబొగ్గు వాసన కొట్టే చిన్నపాటి పట్నం. ఆసుపత్రి రైల్వేది, బడి రైల్వేది, ఆటలకూ సినిమాలకూ ఇన్‌స్టిట్యూట్ రైల్వేది, వీధి దీపం రైల్వేది, కుళాయి రైల్వేది. చుట్టుపక్కల పల్లెల్లో కిరోసిన్ బుడ్లు వెలిగే కాలంలో మా క్వార్టర్స్‌లో కరెంటు బల్బులుండేవి. పల్లెల నుంచి వచ్చే చుట్టాలు ముందు కుళాయి తిప్పి చూసేవాళ్లు, తర్వాతే మంచినీళ్లు అడిగేవాళ్లు. ఇళ్లు మాత్రం హోదాను బట్టి. ఫోర్‌మన్ గారికి కాంపౌండు, వరండా ఉన్న బంగళా. డ్రైవర్లకు రెండు గదులూ వంటిల్లూ. గ్యాంగ్‌మన్‌లకు వరసగా ఒంటిగది కొట్లు. ఇల్లు చూస్తే జీతం చెప్పేయొచ్చు, జీతం చెప్తే పిల్లలు ఎవరితో ఆడుకుంటారో కూడా చెప్పేయొచ్చు. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు నా చిన్నతనానికి చాలావరకు వెళ్లిపోయారు. చర్చీ, వాళ్ల పాత బంగళాల ముందు గులాబీ కుండీలూ మిగిలాయి.

అర్ధరాత్రి తలుపు తట్టే మనిషి ఒకాయన ఉండేవాడు. కాల్‌బాయ్. పేరుకే బాయ్, మనిషి యాభై దాటినవాడు. చేతిలో లాంతరు, చంకలో పుస్తకం. “ఫైర్‌మన్ గారో! రెండున్నర గూడ్సు!” అని వీధంతా మేలుకునేట్టు కేకేసేవాడు. నాన్న లేచి పుస్తకంలో సంతకం పెట్టాలి. పెడితే బండికి పోవాల్సిందే, మళ్లీ పడుకునే వీల్లేదు. అమ్మ అప్పటికే కుంపటి రాజేసేది. “ఆ మనిషి గొంతు వింటే పాలు విరుగుతాయండీ” అని రోజూ అదే మాట గొణిగేది. రోజూ కారియర్ కట్టేది. నాన్న ఇనప్పెట్టెలో కారియర్, చేతిగుడ్డ, ఉల్లిపాయలు సర్దుకుని చీకట్లో షెడ్డు వైపు నడిచేవాడు. ఇక ఎప్పుడొస్తాడంటే బండి చెప్పాలి.

మా ఇంట్లో ఉతికిన బట్టలు ఆరేసే ముందు అమ్మ తల పైకెత్తి గాలి ఎటు కొడుతుందో చూసేది. షెడ్డు వైపు నుంచి వస్తుంటే ఆరేయడం మధ్యాహ్నానికి వాయిదా. తెల్ల జాకెట్టు తెల్లగా ఉన్న రోజు నాకు గుర్తులేదు. బూడిద గుంటలో ఇంజన్లు దించిన బూడిదలో సగం కాలిన బొగ్గు ముక్కలుండేవి. పల్లెల ఆడవాళ్లు తెల్లారగట్ల జల్లెళ్లు, తట్టలు పట్టుకుని వచ్చి వాటిని ఏరుకునేవాళ్లు. కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకునేవాళ్లు, కింద నిప్పు ఇంకా ఆరి ఉండదు మరి. ఆ తట్టలు కమ్మరి కొలిమికీ టీ కొట్లకూ పోయేవి. షెడ్డులో జీతం తీసుకునేవాళ్లు వందల్లో ఉంటే, జీతం లేకుండా షెడ్డు మీద బతికేవాళ్లు ఇట్లా చుట్టూరా ఉండేవాళ్లు. జీతాల రోజున స్టేషన్ రోడ్డు తిరునాళ్ల లెక్క ఉండేది. బట్టల మూటలవాళ్లు, గాజులవాళ్లు, వడ్డీ వసూలుకొచ్చేవాళ్లు గేటు దగ్గరే నిలబడేవాళ్లు. ఫైర్‌మన్ జీతం ఇల్లు చేరేసరికి చాలాసార్లు చిల్లరే మిగిలేది.

ఇంత ఉన్నా అందులో మాది అనదగ్గ ఇటుక ఒక్కటి లేదు. అది చిన్నప్పుడు తట్టలేదు. 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైనప్పుడు తట్టింది. సమ్మె చేసేవాళ్లతో క్వార్టర్లు ఖాళీ చేయిస్తారని దేశమంతటా గుప్పుమంది. చాలాచోట్ల చేయించారు కూడా. ఆ మూడు వారాలూ అమ్మ ట్రంకుపెట్టె సర్ది వీధి గుమ్మం దగ్గరే ఉంచింది. బియ్యం కూడా డబ్బాలో పోయకుండా మూటలోనే ఉంచి వండింది. “ఎక్కడికి పోదామే?” అని నాన్న అడిగితే జవాబు లేదు. నాన్న సొంతూరిలో గుడిసె ఎప్పుడో కూలిపోయింది. రైల్వేలో పుట్టి రైల్వేలో పెరిగిన మాలాంటివాళ్లకు ఊరంటే ఉద్యోగమున్నన్నాళ్ల ఊరే. నాన్న రిటైరయ్యే ముందు అప్పూసొప్పూ చేసి మార్కాపురంలో రెండు గదుల ఇల్లు కొనడానికి ఆ మూడు వారాలే కారణం.

తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. డీజిల్ ఇంజన్ వచ్చింది. దానికి మధ్యలో నిప్పు దించే పని లేదు. 1990 దశకంలో చిన్న లైను తీసి పెద్ద లైను వేశారు. గుంటూరులో ఎక్కిన ఇంజన్ దొనకొండలో ఆగి చెయ్యాల్సిన పనేమీ లేకుండా పోయింది. షెడ్డు మూతపడింది. సిబ్బంది బదిలీ కాగితాలు తీసుకుని గుంటూరుకో, గుంతకల్లుకో, బెజవాడకో పోయారు. నాకు తెలిసినవాళ్లలో ఒక్కరు కూడా ఊరి కోసం కొట్లాడలేదు. ఎందుకు కొట్లాడతారు? జీతం పోలేదు, ప్రమోషన్ పోలేదు, కొత్తచోట ఇంకాస్త మంచి క్వార్టరే ఇచ్చారు. పోయింది షెడ్డు మీద జీతం లేకుండా బతికినవాళ్లకు. టీ కొట్టాయనకు, చాకలికి, దర్జీకి, పాలావిడకు, బొగ్గు ఏరుకునేవాళ్లకు. వాళ్లకు బదిలీ కాగితం ఎవరిస్తారు?

ఇది దొనకొండ ఒక్కదాని గోడు కాదు. కడప వైపు నందలూరు, నెల్లూరు వైపు బిట్రగుంట ఇదే దారిన పోయాయి. బొగ్గింజన్ల కాలంలో మన వైపు పిల్లలు రైల్వే ఉద్యోగమంటే ఆ రెండు పేర్లే చెప్పేవాళ్లు. డీజిలూ కరెంటూ వచ్చేసరికి రెండూ చప్పబడ్డాయి. అదే గుంతకల్లు చూడండి, నాలుగు దిక్కులా లైన్లున్న జంక్షను, పైగా డివిజన్ ఆఫీసు. ఇంజన్ మారినా ఊరికి పని తగ్గలేదు. ఒక్క పని కోసం పుట్టిన ఊరికీ నాలుగు పనులున్న ఊరికీ అంత తేడా.

బడిలో దక్షిణ అమెరికా పాఠం చెప్పేటప్పుడు నేను పాఠ్యపుస్తకంలో లేని రెండు బ్రెజిల్ ఊళ్ల సంగతి చెప్పేదాన్ని. దొనకొండ పిల్లలకు వెంటనే అర్థమయ్యేది గనక. ఒకటి పరానాపియాకాబా. సాంతోస్ రేవు నుంచి సావొ పావులో పీఠభూమి మీదికి కాఫీ బస్తాల కోసం ఒక ఇంగ్లీషు కంపెనీ 1867లో లైను వేసింది. కొండ మరీ నిటారుగా ఉండటంతో బండ్లను తాళ్లు కట్టి పైకి లాగే ఏర్పాటు చేశారు. ఆ తాళ్ల యంత్రాల దగ్గర పనిచేసే వాళ్ల కోసం కొండ కొన మీద కట్టిన కాలనీయే ఆ ఊరు. ఇంగ్లాండు తీరులో చెక్క ఇళ్లు, హోదాను బట్టి సైజులు, గుట్ట మీద మేనేజరు బంగళా. అక్కడి నుంచి చూస్తే ప్రతి కార్మికుడి వాకిలీ కనిపిస్తుంది. మా ఫోర్‌మన్ బంగళాకు అంత ఎత్తు లేదు గానీ ఆయన చూపు మాత్రం అంతే. 1940 దశకంలో లైను బ్రెజిల్ ప్రభుత్వం చేతికి వచ్చింది, తర్వాత కొండెక్కే పద్ధతి మారింది, తాళ్ల పని తగ్గింది, ఊరు పాడుబడింది. కానీ వదిలెయ్యలేదు. పురాతన కట్టడాల కింద రక్షణ ఇచ్చారు. 2002లో ఆ పక్కనున్న సాంతొ ఆంద్రె మున్సిపాలిటీ ఆ కాలనీని కొనేసింది. ఇప్పుడది పర్యాటకులు వెళ్లే చోటు. నాకు నచ్చింది పర్యాటకం కాదు. ఒక మున్సిపాలిటీ రైల్వే కాలనీని కొనగలిగిందన్న మాట. మన దగ్గర పంచాయతీ సర్పంచి రైల్వే ప్రహరీ పక్కన మురుగుకాలవ తియ్యాలన్నా డివిజన్ ఆఫీసుకు ఉత్తరం రాసుకోవాలి.

రెండో ఊరు పోర్తో వెల్యో. అమెజాన్ అడవిలో రబ్బరు కోసం 1907లో మదైరా–మమొరె లైను మొదలుపెట్టినప్పుడు పుట్టింది. మలేరియాతో వేలమంది కూలీలు చనిపోయారు. 1912లో లైను పూర్తయ్యేసరికి ఆసియా తోటల రబ్బరు చౌకగా దిగిపోయి అసలు పనే లేకుండా పోయింది. 1972లో లైను మూసేశారు. ఊరు మాత్రం మూతపడలేదు, ఇప్పుడు రొందోనియా రాష్ట్రానికి రాజధాని. పట్టాలు పోయేలోగా దానికి కచేరీలు వచ్చాయి, రేవు ఉంది, రోడ్డు వచ్చింది.

రాజధాని మాట వచ్చింది గనక 2014 సంగతి చెప్పకపోతే కుదరదు. రాష్ట్రం విడిపోయిన ఏడాది కొన్ని నెలలపాటు దొనకొండ రాజధాని అవుతుందని ఒకటే పుకారు. సర్కారు భూములున్నాయి, రైలుంది, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే కూడా ఉందని లెక్కలు చెప్పారు. కార్లు బారులు తీరాయి. పొలాల బేరాలు టీ కొట్లలో జరిగాయి. రాజధాని అమరావతి అన్నాక వచ్చిన కార్లు వచ్చినట్టే పోయాయి. తర్వాత విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో నాలుగు నోడ్‌లలో దొనకొండ ఒకటన్నారు. మ్యాపులో రంగు వేశారు. ఊళ్లో ఆ రంగు ఇంకా కనబడలేదు. ఒకసారి రైల్వే చేత, ఒకసారి పుకారు చేత, ఒకసారి మ్యాపు చేత ఊరైన చోటు ఇంకెక్కడైనా ఉందో లేదో.

ఇక మార్కాపురం. మా స్టేషన్ పేరే మార్కాపూర్ రోడ్. అంటే స్టేషన్ ఊళ్లో లేదు, ఊరి బయట ఉంది. చిన్నప్పుడు దొనకొండ నుంచి బండెక్కి వచ్చి, దిగాక జట్కా ఎక్కాలంటే అమ్మ విసుక్కునేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ దూరమే మార్కాపురానికి మేలు చేసిందనిపిస్తుంది. రైలు ఈ ఊరి సరుకు మోసింది గానీ ఊరిని తన చేతిలోకి తీసుకోలేదు. ఇక్కడ భూమిలోంచి పలకల రాయి తీస్తారు. ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కోసి, రుద్ది, చెక్క చట్రం బిగించి బడి పలకలు చేసేవాళ్లు. ఆడవాళ్లు వరండాల్లో కూర్చుని చట్రాలు బిగిస్తుంటే ఆ దుమ్ము వాళ్ల వెంట్రుకల మీద నెరుపులా ఉండేది. వరిగడ్డి మధ్య పేర్చి పెట్టెలు కట్టి పంపేవాళ్లు. పలకల కాలం పోయింది, పిల్లలు నోటుపుస్తకాలకు మళ్లారు. రాతి వ్యాపారం పోలేదు, నేలకూ గోడలకూ వేసే బండలుగా మారి విదేశాలకు పోతోంది. అందులో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల సంగతి వేరే వ్యాసం రాయాలి. ఇక్కడ చెప్పదల్చుకుంది ఒక్కటే, చిన్న లైను తీసేసిన ఏడాది మార్కాపురంలో ఒక్క బట్టల కొట్టు మూతపడలేదు. కొట్టు నేల కొట్టువాడిది, క్వారీ లీజు క్వారీవాడిది, కోర్టు ఊరిది. మార్కాపురం జిల్లా కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చెయ్యగలిగింది కూడా ఊరు జనానిది కాబట్టే. 2025 చివర్లో ఆ జిల్లా వచ్చింది.

గిద్దలూరు కథ ఇంకో రకం. అక్కడ రైలు అడవిని అంగడికి తెచ్చింది. వెదురు, కట్టె, కాలమొస్తే సీతాఫలాలు. చెంచు ఆడవాళ్లు తట్టలతో దిగువమెట్ట స్టేషన్‌లో బండి కిటికీల దగ్గర అమ్మేవాళ్లు. అడవి కూపుల పని తగ్గింది, సంత మిగిలింది. చుట్టూ ఉన్న పల్లెలకు గిద్దలూరు అవసరం రైలున్నా లేకున్నా ఉంది.

మధ్యలో నీళ్ల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను, కడుపులో పెట్టుకోలేక. బొగ్గింజన్ నీళ్లు లేకుండా నడవదు. ఈ మెట్ట ప్రాంతంలో నూట ముప్పై ఏళ్ల కిందటే కంపెనీవాళ్లు స్టేషన్ స్టేషన్‌కూ ట్యాంకులు కట్టి, ఇంజన్లకు ఒక్క రోజు కూడా కొరత రాకుండా చూసుకున్నారు. మనుషులకు? కనిగిరి, పొదిలి, దొనకొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ముప్పై ఏళ్లకే మోకాళ్లు పట్టేసినవాళ్లు నా క్లాసులో కూర్చున్న పిల్లల తల్లిదండ్రులే. ఈ నీళ్ల కష్టం తీర్చాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. రెండు సొరంగాలు తవ్వడానికి పట్టిన కాలంలో నా విద్యార్థులకు పెళ్లిళ్లయి వాళ్ల పిల్లలు నా దగ్గరే చదువుకున్నారు. ఇంజన్ అడగ్గానే నీళ్లు వచ్చాయి, ఓటరు అడిగితే శంకుస్థాపన వచ్చింది.

సరే, ఇప్పుడేం చెయ్యాలంటారా? గుంటూరు–గుంతకల్లు లైను 401 కిలోమీటర్లూ డబ్లింగ్ చేస్తున్నారు. దాని పక్కనే నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను. ఈ ప్రాంతంలో రైల్వే ఇంత డబ్బు పెట్టడం మొదటి లైను తర్వాత ఇదే. ఈ అదనులో దొనకొండ రైల్వే స్థలం ఊరికే పడి ఉండకూడదు. అక్కడ మళ్లీ ఏదో పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలని వినతిపత్రాలు ఇచ్చే నాయకులను చూస్తే నాకు భయమేస్తుంది. ఒకే యజమాని మళ్లీ వచ్చి, మళ్లీ కాలనీ కట్టి, ఇరవై ఏళ్లకు మళ్లీ పోతే? అంతకంటే చిన్న కోరిక కోరదాం. కూలడానికి సిద్ధంగా ఉన్న క్వార్టర్లు కూల్చేసి, నిలబడగలిగినవి ఒక గురుకులానికో, ఐటీఐకో దీర్ఘకాలం లీజుకివ్వమందాం. పాత ఆసుపత్రి స్థలం ప్రభుత్వ ఆసుపత్రికి ఇవ్వమందాం. మిర్చి, కంది, పలకల రాయి ఎక్కించుకోవడానికి ఒక మంచి గూడ్స్ షెడ్డు, దానికి ఆనుకుని రైతులు సరుకు నిల్వ చేసుకునే గిడ్డంగి అడుగుదాం. బ్రెజిల్‌లో మున్సిపాలిటీ కొన్నట్టు ఇక్కడ కొనే స్తోమతు పంచాయతీకి లేదు. కానీ రాష్ట్ర ప్రభుత్వం కొత్త లైనుకు భూమి ఉచితంగా ఇస్తోంది, ఖర్చులో వాటా పెడుతోంది. అంత ఇచ్చే చెయ్యి తిరిగి ఒక పాత కాలనీ అడిగితే తప్పేముంది?

కొత్త స్టేషన్ల విషయంలో ఇంకా తొందర పడాలి, ఎందుకంటే ఇప్పుడే అన్నీ నిర్ణయమవుతున్నాయి. స్టేషన్ ఎక్కడ పడుతుందో తెలిసినవాళ్లు ముందే చుట్టూ పొలాలు కొనేస్తారు. రేపు స్టేషన్ ఎదుట టీ కొట్టు పెట్టుకోవాలంటే పొదిలి మనిషి హైదరాబాద్ యజమానికి అద్దె కట్టాలి. దొనకొండలో రైల్వే ఒక్కటే యజమాని, కనిగిరిలో రియల్ ఎస్టేట్ కంపెనీలు యజమానులవుతాయి, అంతే తేడా. అందుకే స్టేషన్ అప్రోచ్ రోడ్డుకు రెండు పక్కలా కొంత స్థలం పంచాయతీ పేరనో మున్సిపాలిటీ పేరనో ముందే సేకరించి పెట్టాలి. భూములు పోగొట్టుకున్న రైతు కుటుంబాలకు, ఊళ్లో చిల్లర వ్యాపారం చేసుకునేవాళ్లకు ఆ కొట్లు సొంతంగా ఇవ్వాలి, అద్దెకు కాదు. భూసేకరణ అవార్డుల్లో పరిహారం లెక్కలు రాసే అధికారులే ఈ మాట కూడా ఒక పేరాగా రాయొచ్చు.

దర్శి ఎమ్మెల్యే, కనిగిరి ఎమ్మెల్యే, మార్కాపురం ఎమ్మెల్యే ఏ పార్టీవాళ్లైనా కానీ, ఈసారి రైల్వే అధికారులతో సమీక్షకు కూర్చున్నప్పుడు ఏ బండికి ఎక్కడ హాల్టు కావాలన్న పాత జాబితా కాస్త పక్కన పెట్టాలి. ముందు రెండు కాగితాలు అడగాలి. దొనకొండలో రైల్వేకు ఎన్ని ఎకరాలున్నాయి, అందులో వాడుకలో ఉన్నదెంత అన్నది ఒకటి. కొత్త లైనులో ప్రతి స్టేషన్‌కు ఎదురుగా, ప్రహరీ అవతల, ఇవాళ ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందన్నది రెండోది. రెండో కాగితం ఇచ్చేది రైల్వే కాదు, రెవెన్యూవాళ్లు. కాబట్టి తహశీల్దార్లను కూడా అదే గదిలో కూర్చోబెట్టాలి.